"ఖర్చులతో సహా డిక్రీ" అంటే చేతికి ఎంత వస్తుంది? సివిల్ దావా ఖర్చుల మీద చర్చ

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

ఒక లెక్క తేల్చండి సార్. ప్రామిసరీ నోటు దావా. అసలు, వడ్డీ కలిపి 4 లక్షలకు వేసినారు. కోర్టు 3 లక్షలకు డిక్రీ ఇచ్చి, చివర "ప్రపోర్షనేట్ కాస్ట్స్‌తో" (గెలిచినంత దామాషాలో ఖర్చులతో) అని రాసింది. వకీలుకు 60 వేలు ఇచ్చినాం, అదంతా అవతలోళ్లే కట్టాల అని వాది వైపు వాళ్ల మాట. కోర్టు లక్ష కొట్టేసింది కాబట్టి మాకే ఖర్చులు రావాల అని ప్రతివాది వైపు వాళ్ల మాట. అసలు ఈ లెక్క ఎవరు వేస్తారు? ఎట్ల వేస్తారు?

బురుజు వకీలు (కర్నూలు)

ఇద్దరి మాటా పూర్తిగా నిలబడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35 ప్రకారం ఖర్చులు ఎవరు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏ ఆస్తిలోంచి ఇవ్వాలి అన్నది కోర్టు విచక్షణ. మామూలుగా ఓడినవాడు గెలిచినవాడికి ఇస్తాడు. గెలిచినవాడికి ఖర్చులు ఇవ్వకూడదని జడ్జిగారు అనుకుంటే, ఎందుకు ఇవ్వడం లేదో తీర్పులో రాయాలి. అది చట్టం పెట్టిన షరతు. "ఎవరి ఖర్చులు వారివే" అని ఒక్క వాక్యంతో ముగించిన తీర్పులు మన జిల్లాల్లో బోలెడు కనిపిస్తాయి. కారణం రాయలేదన్న అంశాన్ని అప్పీలులో లేవనెత్తవచ్చు.

వకీలు ఫీజు సంగతి. మీరు చేతికిచ్చిన 60 వేలు కాదు, న్యాయవాదుల ఫీజు నియమాల ప్రకారం దావా విలువను బట్టి లెక్కకొచ్చే ఫీజే డిక్రీలో ఎక్కుతుంది. రెంటికీ మధ్య చాలా తేడా ఉంటుంది. అసలు ఫీజు మొత్తం ఓడినవాడి నెత్తిన వేస్తామంటే పై కోర్టులో నిలవదు. సంజీవ్ కుమార్ జైన్ కేసులో ఢిల్లీ హైకోర్టు 45 లక్షలకు పైగా ఖర్చులు వేస్తే, నియమాలు దాటి అంత వేయడానికి వీల్లేదని 2011లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఖర్చులు వాస్తవానికి దగ్గరగా ఉండాలని అదే సుప్రీంకోర్టు 2005లో సేలం బార్ అసోసియేషన్ తీర్పులోనూ, 2011లో రామ్‌రామేశ్వరీ దేవి తీర్పులోనూ గట్టిగా చెప్పింది. కానీ ఆ మాట కింది కోర్టులో డబ్బుగా మారాలంటే నియమాల్లో అంకెలు మారాలి. లా కమిషన్ 2012లో 240వ నివేదిక మొత్తం ఈ అంశం మీదే ఇచ్చింది.

పాత బెంచి క్లర్కు (అనంతపురం)

లెక్క వేసేది ఎవరని అడిగినారు కదా. తీర్పు జడ్జిగారిది. డిక్రీ తయారయ్యేది ఆఫీసులో. తీర్పు వచ్చిన 15 రోజుల్లోపల డిక్రీ గీయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 20లో ఉంది. డిక్రీ కాగితం కింద రెండు గడుల పట్టిక ఉంటుంది, ఎడమ వాది ఖర్చులు, కుడి ప్రతివాది ఖర్చులు. వాదపత్రం మీద కోర్టు ఫీజు, వకాలత్ స్టాంపు, డాక్యుమెంట్ల స్టాంపు, సమన్ల ప్రాసెస్ ఫీజు, సాక్షుల బత్తా (రాకపోకల భత్యం), కమిషనర్ ఫీజు, వకీలు ఫీజు. ప్రతి వరుసకూ కేసు కట్టలో (ఫైలులో) ఒక కాగితం ఆధారం ఉండాల. కాగితం లేకుంటే అక్కడ సున్నా పడుతుంది. క్లర్కు ఊహించి వేయడు.

మీ దావాకు నేను లెక్కకు అనువుగా అంకెలు అనుకుంటా, నిజం రేట్లు కావివి. వాది వైపు కోర్టు ఫీజు 6,400, స్టాంపులు 100, ప్రాసెస్ 300, బత్తా 800, నోటీసు, టైపు 1,400, వకీలు ఫీజు 7,000. మొత్తం 16,000. నాలుగింట మూడు వంతులు గెలిచినాడు కాబట్టి 12,000. ప్రతివాది వైపు స్టాంపులు 100, బత్తా 500, టైపు 400, వకీలు ఫీజు 7,000, మొత్తం 8,000. నాలుగో వంతు 2,000. ఒకదాంట్లో ఒకటి తీసేస్తే ప్రతివాది 10,000 ఇయ్యాల. నిష్పత్తి ఒక్క వకీలు ఫీజుకే అనుకుంటారు చాలామంది. కాదు, ఖర్చుల మొత్తానికి.

ఏడురోడ్లు (కడప)

క్లర్కు సార్ లెక్క సరే, ఒక్క జాగ్రత్త చేర్చాల. ప్రతివాదికి ఆ 2,000 ఆటోమేటిగ్గా రాదు. తీర్పులో "వాదికి దామాషా ఖర్చులు" అని మాత్రమే ఉంటే ఎడమ గడి ఒక్కటే పనిచేస్తుంది. కొట్టేసిన భాగం మీద ప్రతివాదికీ ఖర్చులని జడ్జిగారు రాస్తేనే కుడి గడి లెక్కలోకి వస్తుంది. కాబట్టి తీర్పు చివరి పేరాలో వాక్యం ఎట్ల ఉందో అక్షరం అక్షరం చదవాల. హంద్రీ అన్నా, నువ్వు రాసిన దాంట్లో ఎవరికి అనేది లేదు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

చూసినా. "వాదికి" అనే ఉంది. అంటే 12,000 లాంటిది. కానీ 60 వేలు ఖర్చు పెట్టినోడికి అది ఏ మూలకు?

బురుజు వకీలు (కర్నూలు)

ఆ బాధ న్యాయమైనదే. అందుకే ఉన్న వరుసలు ఒక్కటీ వదులుకోకూడదు. ఆర్డర్ 20-ఎ చాలామంది తెరిచి కూడా చూడరు. దావాకు ముందు ఇచ్చిన లీగల్ నోటీసు ఖర్చు అందులో ఉంది, ఆ నోటీసు చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా సరే. ప్లీడింగ్స్ (వాదపత్రం, జవాబు పత్రం) టైపు చేయించిన, ప్రింటు తీయించిన ఖర్చు ఉంది. కోర్టు రికార్డు తనిఖీకి కట్టిన ఫీజు ఉంది. సమన్లు లేకుండా మీరే వెంట తెచ్చుకున్న సాక్షి ఖర్చు కూడా ఉంది. అప్పీలైతే తీర్పు, డిక్రీ నకళ్ల ఖర్చు. ఇవి అడిగితే వస్తాయి. అడగాలంటే వాదనలు ముగిసే రోజుకే ఖర్చుల మెమో (ఖర్చుల పట్టీ) కోర్టులో పడాలి.

మెమోతో పాటు, ఫీజు ముట్టిందని వకీలు సంతకంతో ఫీ సర్టిఫికెట్ ఉండాలి, తీర్పుకు ముందే దాఖలై ఉండాలి. డబ్బు పోయే అసలు చోటు ఇదే. సర్టిఫికెట్ లేకపోతే వకీలు ఫీజు వరుస ఖాళీ. దావా గెలిచి, ఖర్చులు గెలిచి, అన్నింటికంటే పెద్ద వరుస పోగొట్టుకోవడం అంటే అది.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)

నాది హద్దుల దావా మీద ప్రశ్న. ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) దావాలో, స్థలం చూసి రిపోర్టు ఇయ్యనీకి అడ్వొకేట్ కమిషనర్‌ను వేసినారు. మండల సర్వేయరును వెంట పెట్టుకుని పోయి కొలతలు తీసినారు. కమిషనర్ ఫీజు అడిగినోడు కట్టినాడు. చివరకు ఎవరి మీద పడుతుంది?

పాత బెంచి క్లర్కు (అనంతపురం)

అడిగినవాడు మొదట కడతాడు, తీర్పులో ఖర్చులు ఎటు పోతే అదీ అటే పోతుంది. కానీ జరిగేది వేరు. కోర్టు ఆర్డరులో ఫీజు ఇంత అని ఉంటుంది, డబ్బు మాత్రం పొలం గట్టు మీద చేతికి చేతికి ఇస్తారు. రసీదు ఉండదు. కమిషనర్ రిపోర్టులో "ఫీజు ముట్టింది" అన్న ముక్క ఉండదు. రెండేళ్ల తర్వాత డిక్రీ గీసేటప్పుడు కట్టలో వెతికితే ఏమీ దొరకదు. ఫీజు ఇచ్చిన రోజే రసీదు రాయించుకుని మెమోతో కట్టలో పెట్టండి. కమిషనర్ అదనపు ఫీజు అడిగితే ఆర్డరు లేకుండా ఇవ్వద్దు, ఆర్డరు లేని ఫీజు ఖర్చుల్లోకి రాదు. సర్వేయరు కోసం కట్టిన చలానా అసలు కాపీ కట్టలోకే పోవాల, జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి. చేతిరాత నిపుణుడికి పంపినా ఇదే పద్ధతి.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వేలిముద్రల రిజిస్టరు తెప్పించినారనుకోండి, ఆ మనిషికి కట్టిన బత్తా కూడా ఇట్లే. బత్తా కోర్టులో జమ అయితే లెక్క తేలిక. బస్టాండు దగ్గర చేతిలో పెడితే అది మీ దానం కిందే పోయింది.

ఏడురోడ్లు (కడప)

హద్దుల దావా అన్నారు కాబట్టి ఇంకొకటి. అవతలివాడు తగిన ఆధారం లేకుండా తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చి పంట వేసుకోనీకుండా ఆపి, చివరకు దావా ఓడితే, మామూలు ఖర్చులతో ఆగిపోవద్దు. సెక్షన్ 95 కింద అదే కోర్టులో పరిహారం అడగొచ్చు, 50,000 రూపాయల దాకా. 1999 సవరణకు ముందు అది వెయ్యి రూపాయలే. అయితే ఈ సెక్షన్ కింద పిటిషన్ మీద కోర్టు తేల్చేసినాక, అదే నష్టానికి మళ్లీ వేరే దావా కుదరదు. నష్టం లక్షల్లో ఉంటే ఏ దారి పట్టాలో ముందే వకీలుతో కూర్చుని తేల్చుకోవాల.

బురుజు వకీలు (కర్నూలు)

సెక్షన్ 95 సరిగ్గా గుర్తు చేశారు. దానికీ 35-ఎకీ తేడా తెలియక కలిపేస్తుంటారు. 35-ఎ అబద్ధపు దావాకు, అబద్ధపు డిఫెన్సుకు పరిహార ఖర్చులు. అవతలివాడు తెలిసీ అబద్ధం ఆడుతున్నాడని మీరు ముందే అభ్యంతరం చెప్పి ఉండాలి. ప్రతివాది అయితే రిటెన్ స్టేట్‌మెంటు (జవాబు పత్రం)లోనే ఆ పేరా ఉండాలి. వాదనల రోజు నోటితో చెప్తే సరిపోదు. అప్పీలులో, రివిజనులో ఈ సెక్షన్ వర్తించదు. గరిష్ఠం 3,000 రూపాయలు. 1976 నుంచి అదే అంకె. దాన్ని లక్షకు పెంచే విషయం ఆలోచించమని సంజీవ్ కుమార్ జైన్ కేసులోనే సుప్రీంకోర్టు సూచించింది. మామూలు సివిల్ దావాల్లో ఇంకా మారలేదు. అబద్ధపు దావా వేసి పదేళ్లు తిప్పినవాడికి 3,000 జరిమానా అంటే అది భయమూ కాదు, గుణపాఠమూ కాదు. నా దృష్టిలో ఈ చట్టంలో అన్నింటికంటే సిగ్గుపడాల్సిన అంకె ఇదే.

అయినా ఆ పేరా రాయించండి. తర్వాత నష్టపరిహారం దావా వేస్తే 35-ఎ కింద వచ్చింది అందులో తగ్గిస్తారు గానీ, ఆ దావాకు ఇది అడ్డం కాదు. పైగా అబద్ధం అని కోర్టు కారణాలతో రాసిన వాక్యం మీ చేతిలో ఉంటుంది.

ఆదోని పత్తి (ఆదోని)

వ్యాపార బాకీలకు వేరే లెక్క ఉందని విన్నాం. పత్తి ఇచ్చి డబ్బు రాని దావా, 9 లక్షలు. ఇక్కడా ఈ 3,000 గోలేనా?

బురుజు వకీలు (కర్నూలు)

కాదు. వ్యాపారుల మధ్య సరుకు బాకీ, విలువ 3 లక్షలు, అంతకుమించి ఉంటే అది కమర్షియల్ కోర్టుల చట్టం, 2015 కిందికి వస్తుంది. ఆ దావాలకు సెక్షన్ 35 పూర్తిగా కొత్తది. ఓడినవాడు కట్టడమే సాధారణ నియమం అని అందులో స్పష్టంగా రాశారు. కోర్టు చూసేవి కూడా రాశారు: పార్టీల నడవడి ఎట్లా ఉంది, కొంతమేరకైనా గెలిచాడా, పసలేని కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా) వేసి కేసు సాగదీశాడా, సహేతుకమైన రాజీ ప్రతిపాదన వస్తే మొండిగా కాదన్నాడా. 35-ఎలోని 3,000 పరిమితి ఈ దావాలకు లేదు.

కాబట్టి రాజీ ప్రతిపాదన ఫోన్లో మాట్లాడుకుని వదిలేయకండి. "ఇంత ఇస్తే ఈ తేదీలోపు ముగిస్తాం" అని రాతలో, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. అవతలివాడు కాదని, చివరకు అంతకంటే ఎక్కువకు డిక్రీ పడితే, ఖర్చుల వాదనలో ఆ ఉత్తరమే మీ బలం.

ఆదోని పత్తి (ఆదోని)

మరి ప్రతివాది కొంత బాకీ ఒప్పుకుంటే?

ఏడురోడ్లు (కడప)

ఒప్పుకున్నంత కోర్టులో జమ చేయమను. ఆర్డర్ 24 ఉండేది దానికే. జమ చేసి నోటీసు ఇచ్చినాక, వాది తీసుకున్నా తీసుకోకున్నా, ఆ మొత్తం మీద వడ్డీ అక్కడితో ఆగుతుంది. వాది చాలదని దావా నడిపి, చివరకు జమ చేసిందే సరైన మొత్తమని తేలితే, జమ తర్వాతి ఖర్చులు వాది మీద పడతాయి. ఒప్పుకున్న డబ్బు జేబులో పెట్టుకుని ఐదేళ్లు వాదించడం ప్రతివాదికే నష్టం.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)

వాయిదాల ఖర్చులు? ప్రతి వాయిదాకూ "500 కట్టు" అంటారు, కట్టరు, కేసు నడుస్తానే ఉంటుంది.

బురుజు వకీలు (కర్నూలు)

సెక్షన్ 35-బి కింద వేసిన ఖర్చులు కట్టకపోతే ఆ పార్టీ కేసును ముందుకు నడిపించడానికి వీల్లేదు. ఖర్చు కట్టడం ముందస్తు షరతు. మనోహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది: ఖర్చు కట్టలేదని దావా కొట్టేయడం కాదు, ఆ పార్టీని ఇక పాల్గొననివ్వకపోవడం. అవతలివాడు కట్టకుండా సాక్షిని బోనెక్కిస్తుంటే లేచి అభ్యంతరం చెప్పాలి, డాకెట్‌లో (కోర్టు రోజువారీ నమోదులో) రాయించాలి. ఎవరూ అడగకపోతే కేసు ముందుకే పోతుంది.

ఈ ఖర్చులు కట్టేస్తే చివరి డిక్రీ పట్టికలో మళ్లీ కలవవు. కట్టకపోతే ఎవరు ఎంత కట్టాలో వేరే ఆర్డరు గీయించుకోవాలి, దాన్నే అమలు చేయించుకోవచ్చు.

పాత బెంచి క్లర్కు (అనంతపురం)

ఎక్స్‌పార్టీ (ఒక పక్షం రాకుండా ఇచ్చిన) డిక్రీల రద్దు ఆర్డర్లలో ఇంకా ఘోరం. "ఫలానా తేదీలోపు 2,000 కట్టిన మీదట పిటిషన్ అనుమతించడమైనది, లేనిచో కొట్టివేయబడును" అని ఉంటుంది. పార్టీ చివరి రోజు సాయంత్రం వకీలుకు ఫోన్ చేస్తాడు. అవతలి వకీలు ఊర్లో ఉండడు. తెల్లారేసరికి పిటిషన్ డిస్మిస్.

ఆర్డరు వచ్చిన వారంలోనే అవతలి వకీలుకు ఇచ్చి, ఆయన చేత కోర్టు మెమో మీద ముట్టినట్టు రాయించి సంతకం చేయించుకోండి. తీసుకోనంటే అదే రోజు కోర్టులో జమ చేసి మెమో వేయండి. గడువు దాటితే సెక్షన్ 148 కింద గడువు పొడిగించమని అడగాల. గడువు దాటినాక కూడా అడగొచ్చు, కానీ ఆలస్యానికి నమ్మదగ్గ కారణం అఫిడవిట్‌లో ఉండాల.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

తీర్పులో ఖర్చుల గురించి ఏమీ రాయకపోతే? "దావా డిక్రీ చేయడమైనది" అని అంతే.

ఏడురోడ్లు (కడప)

సెక్షన్ 152 కింద సవరణ పిటిషన్ వేస్తే సరిపోతుంది కదా?

బురుజు వకీలు (కర్నూలు)

కష్టం. 152 రాతతప్పులకు, కూడికల తప్పులకు. ఖర్చులతో అని తీర్పులో ఉండి, డిక్రీ పట్టికలో ప్రాసెస్ ఫీజు మర్చిపోతే 152 సరిగ్గా సరిపోతుంది. జడ్జిగారు ఖర్చుల మీద మనసే పెట్టకపోతే అది రాతతప్పు అనిపించుకోదు. రివ్యూ (అదే కోర్టును తీర్పు మళ్లీ చూడమనే పిటిషన్) వేయాలి, డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. లేదా వేరే కారణాల మీద ఎలాగూ అప్పీలుకు పోతుంటే అందులో ఒక గ్రౌండుగా పెట్టాలి. ఒక్క ఖర్చుల కోసమే అప్పీలు అంటే, ఏదో సూత్రం తప్పిందని చూపించగలిగితేనే కోర్టు చెవిన పెడుతుంది. ఇంత తిప్పలు లేకుండా, తీర్పు చదివిన రోజే వకీలు లేచి "ఖర్చుల సంగతి సార్" అని గుర్తు చేయడం మేలు.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)

పార్టిషన్ (ఆస్తి పంపకం) దావాలో? అన్నదమ్ములు నలుగురు, ఒక్కడే అడ్డం తిరిగినాడు.

ఏడురోడ్లు (కడప)

పార్టిషన్‌లో సాధారణంగా ఎవరి ఖర్చులు వాళ్లవే, భాగాలు కొలిచే కమిషనర్ ఖర్చు వాటాల ప్రకారం అందరి మీదా. భాగమే లేదని అబద్ధపు వీలునామా తెచ్చి పోరాడినోడి మీద మాత్రం ఆ వివాదం ఖర్చులు వేయమని అడగొచ్చు. మిగతా ముగ్గురి మీద వేయించడం న్యాయం కాదు. ఒకే డిఫెన్సు ఉన్న ప్రతివాదులు ముగ్గురు మూడు వకాలత్‌లు వేసినా మూడు ఫీజులు రావు, ఒక సెట్టే. డిఫెన్సులు నిజంగా వేరైతేనే వేరే సెట్లు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

చివరిది. ప్రతివాది కట్టకపోతే వసూలు ఎట్ల? అప్పీలులో తిరగబడితే?

బురుజు వకీలు (కర్నూలు)

ఖర్చులు డిక్రీలో భాగం. విడిగా దావా అక్కరలేదు. అదే కోర్టులో అమలు పిటిషన్ (ఈపీ) వేయండి, 12 ఏళ్ల గడువు ఉంది. 3 లక్షలూ, ఖర్చులూ ఒకే ఈపీలో కలిపి చూపించండి, ఖర్చుల వరుస విడిగా రాయండి. ఖర్చుల మీద వడ్డీ డిక్రీలో లేకుండా మీరే లెక్క కట్టి వేస్తే ఈపీకి అభ్యంతరం వచ్చి వాయిదాలు పోతాయి. జీతగాడైతే జీతం జప్తులో మొదటి 1,000 రూపాయలూ, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టకూడదు. డిక్రీ మొత్తం 2,000 దాటకపోతే సివిల్ జైలు కోసం అడగడం దండగ, సెక్షన్ 58 ఒప్పుకోదు. స్త్రీలను డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయడానికి సెక్షన్ 56 అడ్డం.

అప్పీలులో డిక్రీ పోతే, వసూలు చేసుకున్న ఖర్చులు తిరిగి ఇవ్వాల్సిందే. సెక్షన్ 144లో ఖర్చుల వాపసు గురించి ప్రత్యేకంగా ఉంది, అవతలివాడు పిటిషన్ వేస్తే చాలు.

పాత బెంచి క్లర్కు (అనంతపురం)

ఈపీ వేసేముందు డిక్రీ సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఎడమ గడి ఒక్కసారి మీరే కూడి చూసుకోండి. కూడిక తప్పులు వస్తుంటాయి. నోటీసు ఖర్చు, బత్తా వరుసలు ఖాళీగా ఉంటే కట్టలో రసీదు ఉందో లేదో చూసి, ఉంటే ముందు 152 పిటిషన్ వేయండి. ఈపీలో ఒకసారి అంకె రాసినాక దాన్ని మార్చాలంటే మళ్లీ సవరణ పిటిషన్, మళ్లీ నోటీసు, మళ్లీ వాయిదా.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

కూడినా సార్. ప్రాసెస్ ఫీజు వరుసలో గీత పెట్టి వదిలేసినారు. కట్టలో రెండు సమన్ల ఫీజు కట్టినట్టు ఉంది.

పాత బెంచి క్లర్కు (అనంతపురం)

అయితే 152 పడాల్సిందే. పిటిషన్‌తో పాటు ఆ రెండు సమన్లు జారీ అయిన డాకెట్ తేదీలు రాయండి. తేదీలు లేకుంటే కట్ట మొత్తం తిరగేయమంటారా అని వెనక్కి ఇస్తారు.